వెనక సీటు, కుడి వైపు

ఆ వేసవిలో నాన్న నన్ను మొదటిసారి మెచ్చుకున్నాడు. పదకొండేళ్లు ఆయన పక్కన నిలబడి స్పానర్లు తిప్పాక. మిగతాదంతా చెప్పబోయే ముందు ఈ మాటే చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దీనివల్లే జరిగిందని నా అనుమానం. డాక్టరు అలా అనలేదు. ఆవిడ రక్తంలో చక్కెర గురించి, నరాల గురించి చెప్పింది.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఏ పెద్ద మోటారుసైకిలునైనా సరే, విప్పి బిగించాక నాన్న దాని వెనక సీటు మీద కూర్చుని చూడందే బయటికి పంపేవాళ్లం కాదు. నేను నడపాలి, ఆయన వెనక కూర్చోవాలి. బస్సులు ఇరుక్కుపోయే పాత వంతెన రోడ్డు మీద ఇరవై నిమిషాలు, మనిషి నడిచినంత నెమ్మదిగా. ఆయన కుడి కాలి ప్యాంటు పిక్క దాకా మడిచి, కాలు ఇంజను పక్కకి చేర్చి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకునేవాడు. తిరిగొచ్చాక రెండు మాటల్లో ఒకటి అనేవాడు. "సరే" అంటే బండి వెళ్లిపోవచ్చు. "విప్పు" అంటే మళ్లీ మొదటికి. మూడో మాట ఎప్పుడూ వినలేదు. ఊళ్లో మిగతా మేస్త్రీలు కూడా బండి వేడి విషయంలో పేచీ వస్తే "ఆయన కాలేమంటుందో కనుక్కోండి" అనేవాళ్లు.

రెండేళ్ల కిందట నేను వేడి కొలిచే గన్ను ఒకటి తెచ్చాను. మీట నొక్కితే ఎర్ర చుక్క పడుతుంది, చుక్క పడిన చోట ఎంత వేడి ఉందో అంకె చూపిస్తుంది.

"ఇంజనీరుగారు తుపాకీ తెచ్చారర్రా!" అని నాన్న పక్క కొట్టు వాళ్లకి వినబడేలా అరిచాడు. "ఏమే, వెనక సీటు మీద కూర్చుంటుందా ఇది? దీనికి పిక్క ఉందా?"

నేనూ నవ్వాను. గన్ను సొరుగులో పెట్టాను. ఇంచుమించు ఆ రోజుల నుంచే ఆయన ప్యాంటు మడవడం మానేశాడు. వయసు మీద పడుతోంది, సన్నబడిన కాళ్లు నలుగురిలో చూపించుకోవడం ఇష్టంలేదేమో అనుకున్నాను. మనం ప్రేమించే మనుషుల గురించి ఎంత తొందరగా సమాధానపడిపోతామో!

ఎండలు ముదిరే రోజుల్లో గడ్డం సారు బండి వచ్చింది. ఉద్యోగమంతా భూములు కొలిచి రిటైరైన మనిషి. భార్యని వెనక కూర్చోబెట్టుకుని, వానలు మొదలవగానే రెండు నెలలు కొండదారుల మీద తిరగాలని ఆయన ప్రయాణం. రెండు సిలిండర్ల దూరప్రయాణాల బండి, మంచమంత వెడల్పు. రెండు వైపులా పెట్టెలు.

"మేస్త్రీ, ఎత్తు ఎక్కేప్పుడు ఆయాసపడుతోంది. ఇంకాస్త లాగాలి," అన్నాడు.

"లాగిద్దాం."

"వేడి కూడా తగ్గాలి."

నాన్న నా వైపు చూసి కన్ను గీటాడు. "పొయ్యిలో మంట పెంచాలి, వంటింట్లో సెగ ఉండకూడదు. అంతేగా సారూ?"

"మీరు నవ్వుతారు," అంది వాళ్లావిడ. "ఈయన ముందు కూర్చుని కొండలు చూస్తారు. నేను వెనక కూర్చుని ఉడుకుతాను." చుడీదారు అంచు కాస్త ఎత్తి కుడి చీలమండ లోపలి వైపు చూపించింది. రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. "పోయినేడు. ఈసారి గనక కాలిందో, ఎక్కడ కాలితే అక్కడ దిగిపోతాను. ఆయన ఒక్కరే చూసొస్తారు కొండలు."

నాన్న వంగి ఆ మచ్చని చాలాసేపు చూశాడు.

"బాగా నొప్పేసిందామ్మా?" అని అడిగాడు.

"ఏం ప్రశ్నండీ! ప్రాణం పోయింది."

ఆయన తలూపాడు. ఆ ప్రశ్న ఆ రోజు నాకు మర్యాదలా వినిపించింది.

వాళ్లు వెళ్లాక నాన్న తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "ఇది మొదట్నించి చివరిదాకా నీదే. నేను వేలు పెట్టను. వెనక కూర్చుంటానంతే."

ఆ సాయంత్రం ఆయన ఇంటికి ఒక కాలికే చెప్పుతో వచ్చాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"రెండోది ఎవరింట్లో వదిలొచ్చారు?"

నాన్న కిందికి చూసుకున్నాడు. ఆయన మొహంలో నిజంగానే ఆశ్చర్యం కనిపించింది. తరవాత నవ్వేశాడు. "చెప్పకూడదులే. ఆవిడ మొగుడు మంచివాడు కాదు."

"ఆ మొహానికి ఒకావిడ కూడానా!" అని అమ్మ, ఆయనా, నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. చెప్పు వీధి మలుపులో దొరికింది. అంత దూరం ఆయన వట్టి కాలితో, పగలంతా కాగిన రోడ్డు మీద నడిచొచ్చాడన్నమాట. మేం నవ్వుతూ ఉన్నాం గనక ఎవరికీ ఆ లెక్క తట్టలేదు.

మూడు వారాలు ఆ బండి మీదే పడ్డాను. లావు పిస్టన్లు వేశాను. ఫ్యాక్టరీవాళ్లు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ పోసేలా పెట్టి పంపుతారు. పొదుపు చూపించుకోవడానికి. దాంతో ఇంజను ఎప్పుడూ కాస్త జ్వరంతోనే ఉంటుంది. కంప్యూటరు తగిలించి ఆ పాళ్లు మార్చాను. వెడల్పు సైలెన్సరు పైపు పెట్టి, దాని చుట్టూ వేడిని ఆపే పీచు పట్టీ బిగించి చుట్టాను. ఇంజనాయిల్ని చల్లార్చే చిన్న రేడియేటరు, దాని వెనక ఫ్యాను. నడిపేవాడి తొడకి సెగ తగలకుండా మెరిసే రేకు. నాన్న కాస్త దూరంలో స్టూలు మీద కూర్చుని చూసేవాడు. ఆయన చూపు నా వీపు మీద ఆనుకుని ఉండేది. నట్టు బిగించిన ప్రతిసారీ ఆయన వైపు చూడకుండా ఉండటానికి నేను పడిన కష్టం, ఆ నట్టు బిగించడంలో పడలేదు.

స్టార్టు చేశాను. పాత బండిలో ఉండే దగ్గు, ఆగినప్పుడు వచ్చే వణుకు, ఏవీ లేవు. ఇంజను గుండ్రంగా, ఒకే ఊపిరితో తిరిగింది. నాన్న స్టూలు మీంచి లేచాడు. తల ఒక పక్కకి వంచి, కళ్లు మూసుకుని విన్నాడు.

"పద," అన్నాడు.

వంతెన రోడ్డు మీద ఇరవై నిమిషాలు. ముందు కూర్చున్న నాకు తొడ దగ్గర హాయిగానే ఉంది. ఆయిలు వేడి చూపించే ముల్లు సగం కూడా దాటలేదు. వెనక నుంచి మాడు వాసన వస్తోంది. కొత్త పట్టీ మొదటి రెండు మూడు సార్లు వేడెక్కినప్పుడు పొగ వస్తుంది, కంపు కొడుతుంది. మా పనిలో ఉన్న ఎవరికైనా తెలిసిన సంగతే. ఆ వాసన రాకపోతేనే అనుమానించాలి.

"ఎలా ఉంది నాన్నా?" అని బస్సుల మధ్య నుంచి అరిచాను.

"పోనీ, పోనీ. లెక్క తప్పుతుంది."

షెడ్డుకి వచ్చాక ఆయన దిగి, సీటు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. నేను "సరే" కోసమో "విప్పు" కోసమో ఎదురు చూస్తున్నాను.

"చల్లగా ఉంది," అన్నాడు. "బాగా చేశావే."

గుడ్డతో చేతులు తుడుచుకున్నాను. తుడిచిందే తుడిచాను. ఆయన చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లగానే, ఎందుకో ఇప్పటికీ తెలియదు, సొరుగు లాగి గన్ను తీశాను. వెనక కూర్చునేవాళ్ల కుడి కాలు ఉండే చోట, రేకు అంచు మీద ఎర్ర చుక్క పెట్టాను. ఎనభై ఎనిమిది డిగ్రీలు. పని మొదలుపెట్టక ముందు, నాన్న లేనప్పుడు, అక్కడే కొలిస్తే డెబ్బై నాలుగు ఉండింది.

మెరిసే లోహం మీద గన్ను తప్పు చూపిస్తుంది. అది నిజం. కాని తక్కువ చూపిస్తుంది, ఎక్కువ కాదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ పూట తెలియనట్టు ఉండిపోయాను. మనసులో ఎవరో దీపం తీసుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లిపోయినట్టు ఉంటుంది అలాంటప్పుడు. మొదటి గది ఎక్కడికీ పోదు. మనం అందులో లేము, అంతే.

గన్ను సొరుగులో పెట్టేశాను.

ఆ తరవాత, సారు బండి కోసం వచ్చేలోపు ఉన్న రెండు వారాలూ నాన్న హుషారుగా ఉన్నాడు. ఒక్కసారితో సరిపోయే పరీక్ష రెండు రోజులకోసారి కావాలనేవాడు. "ఇంకోసారి వెళ్లొద్దామా? ఆ మాట వినాలనుంది," అనేవాడు. ఇంజను చప్పుడుని ఆయన మాట అనేవాడు. వెనక కూర్చుని ఏదో కూనిరాగం తీసేవాడు. వాసన ఆగలేదు. ఈ రకం పట్టీ ఎక్కువ రోజులు తీసుకుంటుందేమో అనుకున్నాను.

"మీ నాన్నకేం పుట్టిందే," అంది అమ్మ ఒకరోజు. "మేజోళ్లు ఆయనే ఉతుక్కుంటున్నారు. ముప్పై ఏళ్లలో ఒక్క రుమాలు ఉతికి ఎరగరు."

"ఆ చెప్పావిడ నేర్పించి ఉంటుంది," అన్నాను.

గడ్డం సారూ ఆవిడా బండి కోసం వచ్చిన రోజు మబ్బు పట్టింది. నాన్న నీలం కాన్వాసు బూట్లు తొడుక్కుని గేటు దగ్గర నిలబడ్డాడు. నన్ను చూపించి, "పనంతా దీనిదే. నేను కూర్చున్నానంతే," అన్నాడు. ఆ మాట కోసం ఆయన తల దువ్వుకుని వచ్చాడని అనిపించింది.

వాళ్లు వీధి చివరిదాకా వెళ్లారు. మలుపు దగ్గర బస్సు అడ్డం రావడంతో ఆగారు. నాలుగైదు నిమిషాలు అయిందేమో. ఆవిడ దిగిపోయి నడుచుకుంటూ రావడం కనిపించింది. ఒక చెప్పు చేతిలో ఉంది.

"కాల్చి పెట్టారు గదండీ నన్ను!" అంది. కళ్లలో నీళ్లు. "పోయినేడే నయం."

"మీది మరీ సుకుమారం అమ్మా," అని నాన్న నవ్వబోయాడు. ఆయన నవ్వు సగంలో ఆగింది. నేను ఆయన్ని చూడలేదు. ఆవిడ వెనకే బండి తిప్పుకొచ్చిన సారుని ముందు అలాగే ఉండమని చెప్పి, వెనక సీటు ఎక్కి కూర్చున్నాను. ఆ సీటు మీద నేను కూర్చోవడం అదే మొదలు. ఇంజను తిరుగుతోంది. ఫ్యాను మొదలైంది. దాని గాలి తిన్నగా, కొలిమి తిత్తిలోంచి వచ్చినట్టు, కుడి చీలమండ మీదికి వస్తోంది. ఇంజనునుంచి తీసిన వేడినంతా తెచ్చి వెనక కూర్చున్న మనిషి కాలి మీద పోస్తున్నాను. వేడి తగ్గలేదు, చోటు మారింది. పైగా వెడల్పు పైపు వంపు తిరిగి కాలు పెట్టుకునే చోటికి వచ్చేసింది. పదకొండు లెక్కపెట్టేసరికి కాలు తీసేశాను. ఆయన ఇరవై నిమిషాలు ఉంచాడు. రెండు వారాల్లో ఎనిమిదిసార్లు.

దిగి వంగి చూశాను. పట్టీ మీద, వంపు దగ్గర, ఏదో కరిగి అతుక్కుపోయి ఉంది. గోటితో గీకితే ఊడింది. నీలం రంగు.

"నాన్నా, బూటు విప్పు."

"ఇప్పుడెందుకే, జనంలో."

"విప్పు నాన్నా."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు గాని వంగలేదు. నేనే విప్పాను. బూటు లోపలి వైపు అరచేతిలో సగం మేర చిల్లి పడి, దాని మీద గోనెగుడ్డ ముక్క లోపల్నుంచి కుట్టి ఉంది. చక్కటి కుట్టు, చిన్న చిన్నగా, నాన్న కుట్టు. మేజోడు రాలేదు. అది కాలికి అతుక్కుపోయింది. వాసన వచ్చింది. పట్టీ వాసన కాదు, ఇంకోటి.

గడ్డం సారు వాళ్లావిడ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"నొప్పి లేదే," అన్నాడు నాన్న, నన్ను ఓదారుస్తున్నట్టు. "ఒట్టు. ఏం నొప్పి లేదు."

ఆస్పత్రిలో డాక్టరమ్మ సన్నటి నైలాను దారం లాంటిది పట్టుకుని వచ్చింది. "కళ్లు మూసుకోండి. తగిలినప్పుడల్లా చెప్పండి," అంది. మంచి కాలి బొటనవేలి మీద ఆనించింది.

"ఆ," అన్నాడు నాన్న.

అరికాలు. "ఆ."

మడమ. "ఆ."

నేను ఊపిరి వదిలాను. కనీసం ఆ కాలైనా బాగుంది. డాక్టరమ్మ ఏదో ఆలోచించి, దారం పట్టుకున్న చేతిని కాలి దాకా తెచ్చి, తాకకుండా గాల్లోనే ఆపింది. ఆవిడ కోటు చెయ్యి చిన్నగా చప్పుడైంది.

"ఆ," అన్నాడు నాన్న.

ఆవిడ నా వైపు చూసింది. దారం డబ్బాలో పెట్టి మూత వేసింది.

నాన్న కళ్లు తెరిచాడు. "ఎన్ని సరిగ్గా చెప్పాను?" అని అడిగాడు.

కుడి కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ముందు వేళ్లు అన్నారు, తరవాత పాదం అన్నారు, తరవాత అది. మొత్తం తొమ్మిది రోజుల్లో. మొదటిసారి స్పృహలోకి వచ్చినప్పుడు నాన్న అమ్మని చూసి, "ఇక చెప్పు పోయినా ఒకటే పోతుంది," అన్నాడు. అమ్మ నవ్వలేదు. లేచి వెళ్లి కిటికీ రెక్క మూసింది, మళ్లీ తెరిచింది.

ఒక మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లు పైనే."

"మరి అన్ని బళ్లకీ ఎలా చెప్పావు? ఒక్కటీ తప్పలేదు గదా."

ఆయన పైకప్పు వైపు చూస్తూ మాట్లాడాడు. "ఇంజను వేడెక్కితే ఊపిరి మారుతుందే. ఆగినప్పుడు తడబడుతుంది. లోపల చిటచిటమంటుంది. కాలికి తెలియడం మానేశాక చెవితో విన్నాను. అదే సరిపోయేది. నీ బండిలో అది లేదు. ఆ దగ్గూ, ఆ తడబాటూ, అన్నీ తీసేశావు. నా బతుకులో అంత నున్నటి ఇంజను వినలేదు. చల్లగా ఉందనే అనుకున్నాను."

"చెప్పొచ్చు గదా నాన్నా, కాలికి తెలియట్లేదని."

"చెబితే? వెనక ఎవరు కూర్చుంటారు? నీ తుపాకీయా?" అన్నాడు. తిట్టలేదు. నిజంగానే అడిగాడు.

అంటే ఆ మెప్పు అబద్ధం కాదు. దాని గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. అబద్ధమైతే బాగుండేది. నేనూ ఆ రోజు ఎనభై ఎనిమిది చూసి గన్ను సొరుగులో పెట్టేశానని ఆయనకి చెప్పాలనుకున్నాను. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. నన్ను మెచ్చుకున్న ఆ ఒక్క తృప్తినీ ఆయన దగ్గర్నుంచి నేను లాక్కోకూడదని అనుకున్నాను. లేక నా దగ్గర ఉన్నదాన్ని వదులుకోలేకపోయానేమో. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకోలేదు.

బండి విప్పాను. ఫ్యానుని ముందుకి, ఎడమ పక్కకి మార్చి గాలి కిందికి పోయేలా తిప్పాను. పాత పైపు వంపే మళ్లీ పెట్టాను. ప్రతి చోటా గన్నుతో కొలిచి గోడ మీద సుద్దముక్కతో రాశాను. వంతెన రోడ్డు మీదికి గడ్డం సారు వాళ్లావిడ తనే వచ్చి వెనక కూర్చుంది. ఇరవై నిమిషాలూ కాలు తీయలేదు. దిగాక "సరే" అంది. ఆ మాట ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు. వాళ్లు వెళ్లిపోయారు.

వానలు పడ్డాయి. నాన్న షెడ్డు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. కుడి ప్యాంటు కాలిని అమ్మ మడిచి పిన్నీసు పెట్టి పంపేది. రేకుల మీద వాన పడుతుంటే ఏ ఇంజనూ వినపడదు. ఆయన ఊరికే వీధిలోకి చూసేవాడు.

ఆ రోజు కూడా వానే. మధ్యాహ్నం.

"ఒసే," అన్నాడు. "మండుతోందే."

"ఎక్కడ నాన్నా?"

"చీలమండ. లోపలి వైపు. పైపు ఆనించినట్టు." కుర్చీ చేతుల్ని పట్టుకున్న ఆయన వేళ్లు తెల్లబడ్డాయి. "ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడొచ్చింది. రోజూ వస్తోంది. మీ అమ్మకి చెబితే ఏడుస్తుంది. డాక్టరమ్మకి చెబితే అక్కడ కాలు లేదు గదండీ అంటుంది." నా వైపు తిరిగాడు. "నీ తుపాకీ ఉందా?"

తెచ్చాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. మడిచిన ప్యాంటు కింద, చీలమండ ఉండవలసిన చోటికి గురి చూసి మీట నొక్కాను. ఎర్ర చుక్క తడి సిమెంటు నేల మీద పడింది. ఇరవై తొమ్మిది.

"ఎంత?"

"ఎనభై ఎనిమిది," అన్నాను.

ఆయన భుజాలు కిందికి దిగాయి. ఎన్నో రోజులుగా పట్టుకున్న బరువు ఎవరికో అందించినట్టు.

"విప్పు," అన్నాడు.

గన్ను నేల మీద పెట్టి, ఆయన ముందు కూర్చుని పిన్నీసు తీశాను. మడత ఊడి, ప్యాంటు కాలు నేల దాకా జారింది. వాన గాలికి అటూ ఇటూ కదిలింది. తల ఎత్తి చూశాను. నాన్న కళ్లు మూసుకునే ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.